చివరి పేజీలో ప్రార్థన

సాయంత్రం చర్చి గంట మోగేలోగా వస్తానని కబురు చేశారు మా పాస్టరు అంబ్రుష్ అయ్యగారు. వచ్చి నా జవాబు పట్టుకెళతారట. జవాబంటే ఏముంది, రాస్తానో రాయనో, అంతే కదా, ఒక్క పేజీ రాయడానికి ఇంత ఆలోచన దేనికి టీచరు గారూ అని పోయిన ఆదివారం చర్చి మెట్ల మీద అందరూ వింటుండగా నవ్వుతూ అడిగారు. ఆయనకి నవ్వు వస్తుంది, చిన్నవాడు, మా సంఘానికి వచ్చి ఎంతో కాలం కాలేదు, ఏ ఇంట్లో ఏ కేకు ముక్క పెట్టినా వద్దనకుండా తింటారు, మంచి మనిషి, అదే వచ్చిన చిక్కు, చెడ్డవాడైతే ఈపాటికి పొమ్మనేదాన్ని. తెల్లవారినప్పటి నుంచి పెరట్లో ఈ రాగి గుండిగ ముందు నిలబడి తెడ్డు తిప్పుతున్నాను. జామ్ కోసం వేసిన ప్లమ్ పళ్ళు ఉడికి ఉడికి నల్లబడ్డాయి. చక్కెర వెయ్యం మేము, సమోష్ నది ఒడ్డున ఎవరూ వెయ్యరు, పండులో ఉన్న తీపి చాలు, దాన్ని దగ్గరపడనివ్వాలి, చెయ్యి ఆపితే మాడుతుంది, అందుకని ఆపను, చెయ్యి తిరుగుతున్నంతసేపూ బుర్ర కూడా తిరుగుతూనే ఉంటుంది. వదిన అటు గట్టు మీద కూర్చుని సీసాలు తుడుస్తోంది. తుడిచిన సీసానే మళ్ళీ తుడుస్తోంది. అయ్యగారు వస్తున్నారని ఆవిడకీ తెలుసు, ఎందుకు వస్తున్నారో కూడా తెలుసు, నాతో ఒక్క మాట అనకుండా పొద్దున్నే తలకి కొత్త రుమాలు కట్టుకుంది.

"అడుగు నుంచి తిప్పవే లీడియా. పైపైన తిప్పితే నీ పుస్తకాల్లాగే ఉంటుంది."

నా పుస్తకాలు ఆవిడ చదవలేదు. ఒక్కటీ చదవలేదు. అట్టలు మాత్రం తెలుసు, చర్చి వసారాలో బల్ల మీద, ఎంబ్రాయిడరీ గుడ్డలకీ తేనె సీసాలకీ మధ్య పెట్టి అమ్ముతారు కదా, డబ్బులు పక్కనే డబ్బాలో వేసిపోండి అని రాసి ఉంటుంది, కొన్నవాళ్ళు వచ్చే ఆదివారం నా చెయ్యి పట్టుకుని మీ పుస్తకం చదువుతుంటే ఎంత హాయిగా నిద్ర పట్టిందో అంటారు. నిజంగానే మెచ్చుకుంటారు, ఎగతాళి కాదు. నలభై ఏళ్ళ రాత కూడదీసుకుని చూస్తే నేను కొంతమంది విధవరాళ్ళకి నిద్ర పట్టించాను. అంతకంటే పెద్ద పని చేశానని చెప్పుకోవడానికి లేదు. మొదటి నవల పార్టీ రోజుల్లో వచ్చింది, రావడానికి ముందు ఒక పెద్దమనిషి నన్ను పిలిపించి కాఫీ ఇచ్చి, కామ్రేడ్ టీచర్, మీ నవలలో చర్చి గంట మరీ ఎక్కువసార్లు మోగుతోంది, పాలకేంద్రం సైరన్ కూడా ఉంటుంది కదా, అది మోగించండి అన్నాడు. మోగించలేదు. ఆ పుస్తకం ఏళ్ళ తరబడి ఆయన సొరుగులో పడుకుంది. ఆ రోజులు పోయాయి, ఇక గంటలు ఎన్నైనా మోగించుకోవచ్చు అనుకున్నాను, మోగించాను, ఇప్పుడీ నవల రాజధానికి పంపిస్తే అక్కడి ప్రచురణకర్త, చెవికి పోగు పెట్టుకున్న కుర్రవాడు, చాలా మర్యాదగా ఫోన్ చేసి, మేడమ్, చాలా బాగుంది, కాకపోతే ఇందులో దేవుడు కాస్త ఎక్కువయ్యాడు అన్నాడు. సరే అని మా చర్చి వాళ్ళు నగరంలో నడిపే ముద్రణాలయానికి పంపాను. వాళ్ళు అయ్యగారితో చెప్పించారు, దేవుడు కాస్త తక్కువయ్యాడని. పులుసులో ఉప్పు గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటారు. నేను నమ్ముతాను, ఎవరికీ అక్కర్లేని సంగతి ఏమిటంటే నేను నిజంగానే నమ్ముతాను, పొద్దున లేచి మోకాళ్ళ నొప్పితో మోకరించి మరీ నమ్ముతాను, అందుకే ఆ ఒక్క పేజీ రాయలేకపోతున్నాను, నమ్మనిదాన్నైతే రాసి పారేసేదాన్ని, రాసి, పాఠకులకి ఏది కావాలో నాకు తెలుసులే అని నవ్వుకునేదాన్ని.

ఆ పేజీలో మా అన్నయ్య ప్రార్థన చెయ్యాలి. అదీ వాళ్ళు కోరేది. నవల అన్నయ్య గురించి, పేరు మార్చాను గానీ ఊరంతటికీ తెలుసు అది బాలింట్ అని, తెలియకుండా ఎలా ఉంటుంది, చర్చిలో టోపీ పెట్టుకున్న మనిషి ఈ జిల్లాలో ఇంకొకడు లేడు. ఫిబ్రవరి. నది మీద గడ్డకట్టిన మంచు విరిగి ఝోఫీ మునిగిపోయింది, అన్నయ్యకీ వదినకీ లేకలేక పుట్టిన పిల్ల, ఒక్కతే కూతురు, రెండో తరగతి చదువుతోంది, నా క్లాసులోనే ఉండాల్సింది, అత్త దగ్గర కూర్చోనని గొడవ చేసి పక్క క్లాసుకి పోయింది. శవపెట్టె ఎంత చిన్నదో. అప్పటి ముసలి అయ్యగారు వేదిక ఎక్కి చాలాసేపు మాట్లాడారు, ఆయన మాట్లాడినదంతా మరిచిపోయాను, ఒక్కటే గుర్తుంది, ఈ బిడ్డని తీసుకుని దేవుడు ఈ ఇంటికి ఏదో చెప్పదలుచుకున్నాడు అన్నారు. మగవాళ్ళ వైపు ముందు బల్లలో అన్నయ్య లేచి నిలబడ్డాడు. ఆడవాళ్ళ వైపు నుంచి నేను చూస్తున్నాను, వదిన చూడలేదు, తల వంచుకునే ఉంది. నాకు చెప్పేదేదైనా ఉంటే నాతోనే చెప్పమనండి అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. మోకాలి మీదున్న టోపీ తీసి తలకి పెట్టుకున్నాడు, చర్చి లోపలే, రంగులు వేసిన ఆ చెక్క కప్పు కింద, తాతల కాలం నుంచి ఎవరూ చెయ్యని పని, పెట్టుకుని నడవా మధ్యలోంచి బయటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ లోపల అడుగు పెట్టలేదు. ఆదివారాలు వదినతో కలిసి చర్చి గేటు దాకా వచ్చేవాడు, ఆరాధన అయ్యేదాకా కంచె అవతల సిగరెట్లు కాల్చుకుంటూ నిలబడేవాడు, వాన పడినా అక్కడే, అయ్యాక ఇద్దరూ కలిసి ఇంటికి నడిచేవారు. నాకు ఆ తరువాత పట్నంలో ఉద్యోగం, సెలవులకి వచ్చినప్పుడల్లా ఈ దృశ్యం చూసేదాన్ని, వీళ్ళ ఇద్దరి మధ్యా ఎంత ప్రేమ అనుకునేదాన్ని, నవలలో అన్నిటికంటే ఇష్టపడి రాసింది ఆ కంచె అధ్యాయమే. తాగేవాడు. తాగాడు కాబట్టే పోయాడు, లివరు. ఊళ్ళో మాత్రం లివరు అనరు. దేవుడి మీద అలిగాడు అంటారు. అలిగి అలాగే పోయాడు, పాపం ఆ ఇర్మా గతేమిటి, పరలోకంలో మొగుడు లేకుండా ఉండాలి అంటారు, వదిన వింటుండగానే అంటారు, జాలిపడుతున్నామనుకుంటారు.

ఇదంతా నేను వంటింటి బల్ల మీదే రాశాను. ఉద్యోగం విరమించి ఈ ఇంటికి వచ్చాక నాకంటూ వేరే బల్ల లేదు. అన్నయ్య పోయాక మేమిద్దరమే, ఆవిడకి ఇంక పిల్లలు లేరు, నాకు పెళ్ళి లేదు, ఇల్లు సగం నాది, సగం ఆవిడది, ఏ సగం ఎవరిదో తేల్చుకోకుండా కీచులాడుకుంటూ బతుకుతున్నాం. గిన్నెలు తీసి, బల్ల మీది రబ్బరు గుడ్డ తుడిచి, కాగితాలు పరుస్తానా, వాక్యం కుదిరే సమయానికి కోడిని పట్టుకుని వస్తుంది, ఈకలు పీకాలి జరుగు అంటుంది. రాసిందే రాస్తావు, కొట్టేసిందే కొట్టేస్తావు, ఆ టైములో నేనైతే మూడు కోళ్ళు వలిచేదాన్ని అంటుంది. నవలలో సగం పేజీలకి పిండి అంటుకుని ఉంటుంది. ఆవిడ మొగుడి గురించే రాస్తున్నానని తెలిసి కూడా ఎప్పుడూ ఏం రాశావని అడగలేదు. అన్నిటికంటే వింత, ఆస్పత్రిలో ఆ రోజు ఏం జరిగిందని కూడా ఇంతవరకూ అడగలేదు. ఆవిడ అక్కడ లేదు. డాక్టరు ఇంకో వారం దాకా భయం లేదన్నాడని, పశువులకి మేత వేసి వస్తానని బస్సెక్కింది. బస్సు ఊరు చేరేలోగా అన్నయ్య పోయాడు. నేను ఉన్నాను. నేనొక్కదాన్నే ఉన్నాను. ముసలి అయ్యగారు, రిటైరై పట్నంలో ఉంటున్నారు అప్పటికి, ఎవరో చెబితే ప్రభు భోజనం ఇవ్వడానికి రొట్టె, ద్రాక్షరసం సంచిలో పెట్టుకుని వచ్చారు, ఎంత ధైర్యం, లేదా ఎంత పశ్చాత్తాపం, ఈ రెండిట్లో ఏదో నాకు ఇప్పటికీ తెలియదు. అన్నయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన కాసేపు నిలబడి, సంచి మూతి కట్టుకుని వెళ్ళిపోయారు. తరువాత జరిగింది నేను చూసినది చూసినట్టుగా చివరి పేజీలో రాశాను. దానిలో ప్రార్థన అనే మాట లేదు. లేని మాట ఎలా పెట్టను? అబద్ధ సాక్ష్యం చెప్పకూడదని నాకు చిన్నప్పుడు నేర్పింది ఈ చర్చే కదా, ఆ రంగుల కప్పు కిందే కదా, తప్పు చెబితే వేళ్ళ మీద రూళ్ళకర్రతో కొట్టి మరీ నేర్పారు కదా.

గేటు చప్పుడైంది. సైకిలు గోడకి చేర్చి, ప్యాంటుకి పెట్టుకున్న క్లిప్పు తీసుకుంటూ వచ్చారు అంబ్రుష్ అయ్యగారు. "దీవెనా సమాధానమూ!" అని మా సంఘం పలకరింపు చెప్పారు, మేమిద్దరం "దీవెనా సమాధానమూ" అన్నాం. వదిన లేచి స్టూలు తుడిచి వేసింది. ఆయన గుండిగలోకి తొంగిచూసి, "వాసన వీధి చివరిదాకా వస్తోంది" అన్నారు.

"మీకొక సీసా తీసి పెట్టాను అయ్యగారూ. అమ్మగారికి ఇవ్వండి. మొత్తం మీరే తినెయ్యకండి" అంది వదిన.

ఆయన నవ్వి, కూర్చుని, నా వైపు తిరిగారు. నేను తెడ్డు ఆపలేదు. ఆయన ఏం చెబుతారో నాకు తెలుసు, అయినా విన్నాను. నవల చదివి ఏడ్చానన్నారు, ఏడ్చే ఉంటారు. నగరంలో వాళ్ళకి పుస్తకం చాలా నచ్చిందన్నారు. "కానీ టీచరు గారూ, ఆలోచించండి, ఇలాంటివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, కంచె అవతల నిలబడేవాళ్ళు. వాళ్ళ భార్యలు చదువుతారు ఈ పుస్తకం. చివరికి ఆయన గోడ వైపు తిరిగే ఉన్నాడంటే ఆ ఆడవాళ్ళు ఏమైపోవాలి? మారుమనస్సు అంతా రాయమనడం లేదు. ఒక్క పేజీ. పోనీ ఒక్క వాక్యం. పెదవులు కదిలాయని రాయండి చాలు. పోయేవాళ్ళ పెదవులు కదులుతాయి కదా, అది అబద్ధం కాదు కదా."

ఎంత తెలివి. నలభై ఏళ్ళు వాక్యాలు రాసినదాన్ని, నాకే తట్టలేదు. పెదవులు కదిలాయి. ఎందుకు కదిలాయో రాయనక్కర్లేదు, చదివినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే అన్నయ్యని మోకరింపజేస్తారు. పార్టీ పెద్దమనిషి కూడా ఇంత నేర్పుగా అడగలేదు, ఆయనకి పాపం సైరన్ కావాలి, సైరన్ పెట్టమన్నాడు. ఈయన నా చేతితోనే, నా నిజంతోనే అబద్ధం చెప్పించాలని చూస్తున్నారు, పైగా ప్రేమతో. లేదండీ అనడానికి నోరు తెరిచాను.

"ప్రార్థన చేశాడు అయ్యగారూ" అంది వదిన.

చేతిలో సీసా, గుడ్డ అలాగే ఉన్నాయి. నా వైపు చూడలేదు. "ఈవిడ చెప్పదు. గొప్ప రచయిత్రి కదా, ఉన్నది ఉన్నట్టు రాస్తే కథ చప్పగా ఉంటుందని దాచిపెట్టింది. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే నాకు చెప్పింది. చేతులు జోడించాడట. ప్రభువా అన్నాడట. ఝోఫీ పేరు కూడా చెప్పాడట."

అయ్యగారు స్టూలు మీంచి సగం లేచారు. ఆయన ముఖం నేను చూడలేకపోయాను, అంత వెలుగు. "నిజమా టీచరు గారూ?"

తెడ్డు ఆగిపోయింది. ఆవిడ వేళ్ళు చూశాను, పళ్ళ రసం గోళ్ళ సందుల్లో నల్లగా దిగిపోయి ఉంది, ఆ వేళ్ళు సీసాని ఎలా పట్టుకున్నాయంటే, ఇంకొంచెం గట్టిగా పట్టుకుంటే పగిలిపోతుంది. అబద్ధమాడే అలవాటు లేని మనిషి. గుడ్లు అమ్మేటప్పుడు పగిలినదాన్ని తనే ఏరి చూపించే మనిషి. లేదు అని నేనన్నానంటే ఆవిడ అయ్యగారి ముందు అబద్ధాలకోరు అవుతుంది, వచ్చే నెల కొత్త ద్రాక్షరసంతో జరిగే ప్రభు భోజనం దగ్గర ఆయన చేతుల్లోంచి గిన్నె అందుకోవాలి, ఎలా అందుకుంటుంది. అవును అన్నానంటే ఇన్నాళ్ళూ నేను రాసినది ఒక్కటీ నిలవదు. ఏదీ అనకుండా ఉంటే అవుననే అర్థం, అది పిల్లలకి కూడా తెలుసు, బడిలో నేనే నేర్పాను.

"వదినతో చెప్పినది వదినతోనే చెప్పాను" అన్నాను. "దాని మీద నేను మాట్లాడను. పుస్తకం సంగతి అడిగితే, వెనక్కి తీసుకుంటున్నాను అయ్యగారూ. నగరం వాళ్ళకి ఫోన్ చేసి చెప్పండి, వెయ్యొద్దని. ఎవరూ వెయ్యొద్దు."

ఆయనకి అర్థం కాలేదు. ఎలా అవుతుంది. ఇంత గొప్ప సాక్ష్యం చేతిలో ఉండగా పుస్తకం మానుకోవడమేమిటి, అలిసిపోయి ఉంటారు, తొందరపడొద్దు, వచ్చేవారం మాట్లాడుకుందాం అన్నారు. నేను ఆ మాటే మళ్ళీ చెప్పాను, గొంతు పెంచకుండా చెప్పాను, ఈసారి నమ్మారు. కొంచెం నొచ్చుకున్నారు కూడా. అయినా ఆ ముఖంలో వెలుగు తగ్గలేదు. వెళుతూ వదిన రెండు చేతులూ పట్టుకుని, "ఆదివారం ఈ సంగతి సంఘానికి చెప్పనా అమ్మా? చెప్పాలి. ఎంతమందికి బలం వస్తుందో" అన్నారు. వదిన తల ఊపింది. జామ్ సీసా సైకిలు బుట్టలో పెట్టుకుని, పడిపోకుండా తన కోటు చుట్టి, వెళ్ళిపోయారు. నేను రాయనన్న పేజీని ఆయన నోటితో చదువుతారు, నా పుస్తకాలన్నీ కలిపి చదివినవాళ్ళ కంటే ఎక్కువమంది ఆ ఒక్క ఉదయం వింటారు, ఏడుస్తారు, గేటు దగ్గర వదినని కౌగిలించుకుంటారు, మంచి సుఖాంతం. నేను ఆడవాళ్ళ వైపు బల్లలో కూర్చుని వినాలి.

"ఎందుకు మానుకున్నావు?" అంది వదిన. కోపంగానే అంది. "అంత అబద్ధం ఆడాను నేను. దేనికి ఆడాను? ఊరంతా చదివేవాళ్ళు."

"నువ్వు ఆడింది అన్నయ్య కోసం. ఉండనీ. నేనది అచ్చులో పెట్టలేను, అలాగని నువ్వు చెప్పినదానికి ఎదురుగా వేరే మాట అచ్చు వెయ్యలేను. ఇంకేం చెయ్యను?"

వదిన దగ్గరికి వచ్చింది. నా చేతిలోంచి తెడ్డు తీసుకుంది, తిప్పలేదు, కర్రలా పట్టుకుని నిలబడింది. చర్చి గంట మోగి ఆగింది.

"అయితే ఇప్పుడు చెప్పు" అంది. "ఏమన్నాడు?"

ఎప్పుడో అడగాల్సిన ప్రశ్న, ఇన్నేళ్ళూ ఎదురుచూసిన ప్రశ్న. చెప్పాలని నాకెంత ఆశగా ఉందో అప్పుడే తెలిసింది. నగరానికీ రాజధానికీ అక్కర్లేని ఆ పేజీకి ఒక్క పాఠకురాలు దొరికింది. పుస్తకంలో రాసినట్టే చెప్పాను, ఇంకా బాగా చెప్పాను. అయ్యగారు వెళ్ళిపోయాక అన్నయ్య గోడ వైపు తిరిగే ఉన్నాడు. నర్సు కిటికీ మూసి వెళ్ళింది. అప్పుడు నన్ను చిన్నప్పటి పేరుతో పిలిచాడు. వీపు గోకవే అన్నాడు. చొక్కా పైకి జరిపి గోకాను. అక్కడ కాదు, ఎడమ రెక్క కింద, ఇంకొంచెం పైకి, ఆఁ, అక్కడ అన్నాడు. ఎముకలు తగిలాయి చేతికి. చాలాసేపు గోకాను. ఊపిరి నెమ్మదించింది, నిద్రపోయాడనుకున్నాను. "అంతే వదినా. నా మటుకు నాకు, అంతకంటే పెద్ద ప్రార్థన ఎక్కడా కనబడలేదు" అన్నాను. చెబుతుంటే కళ్ళు నిండాయి, నా వాక్యానికి నాకే.

వదిన ఏడవలేదు.

"ఝోఫీ పోయిన రోజు నుంచి ఆ వీపు నేను చూడలేదు" అంది. "చొక్కాతోనే పడుకునేవాడు. స్నానానికి వెళితే గడియ పెట్టుకునేవాడు. దురద పెడితే తలుపు చట్రానికి రుద్దుకునేవాడు, ఎద్దులాగ, నేను పక్కనే నిలబడి ఉండేదాన్ని. చెయ్యి వేస్తే తీసేసేవాడు. మాట అనేవాడు కాదు, తీసేసేవాడంతే. పిల్ల మంచు మీద ఆడుకుంటానంటే పోనిచ్చింది నేనే కదా. మీరందరూ దేవుడి మీద అలిగాడనుకున్నారు. ఆయన అలిగింది దేవుడి మీద కాదు."

 కంచె అధ్యాయం, టోపీ అధ్యాయం, నేను ఏళ్ళ తరబడి తూచి తూచి పెట్టిన ఒక్కొక్క మాట, ఒక్కటి కూడా ఈ మనిషి గురించి కాదు. ఒకే కప్పు కింద ఉండి, ఆవిడ కోళ్ళు వలుస్తున్న బల్ల మీదే రాశాను.

వదిన రుమాలు ముడి విప్పి, మళ్ళీ కట్టుకుంది.

"ప్రార్థన చేశాడని రాసి ఉంటే సరిపోయేది లీడియా" అంది. "అదైతే నేను ఓర్చుకునేదాన్ని."